మూడో తరగతి ఆడవారి గది

పిండికట్టు పూర్తిగా ఆరేదాకా చుక్క నీరు తగలకూడదని రాజమండ్రి డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. అందుకే కనకవల్లి నిడదవోలులో బండి మారినప్పుడు కూడా పిల్లని చంకలోంచి దించలేదు. కాలికి తువ్వాలు చుట్టి, తువ్వాలు మీద తన కొంగు చుట్టి, లాంతరు గాజుని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. తీరా వేమగట్టు స్టేషన్లో దిగేసరికి ఆకాశానికి చిల్లు పడింది.

పొద్దున్న బయల్దేరినప్పుడు చిన్న మబ్బు కూడా లేదు. సముద్రంలో వాయుగుండం పడిందని బండిలో ఎవరో అంటూంటే, ఇల్లు చేరేదాకా ఆగితే చాలు దేవుడా అనుకుంది. ఆగలేదు. బళ్ళన్నీ టైముకి నడుస్తున్నాయని రేడియోలో రోజూ చెబుతున్నారు. అదే నిజమై ఈ బండి కూడా టైముకి వచ్చుంటే ఈపాటికి ఆమె ఇంట్లో ఉండేది.

పిల్ల పేరు మీనాకుమారి. ఐదో నెల. ఎడమపాదం లోపలికి తిరిగిపోయి పుట్టింది. గ్రహణం నాడు కోడలు అటూ ఇటూ తిరగబట్టే ఇలా అయిందని అత్తగారు పురిటి మంచం దగ్గరే తేల్చేశారు. ఆ రోజంతా కనకవల్లి చీకటి గదిలో వెల్లకిలా పడుకునే ఉంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. భర్త నాగేశ్వరప్రసాద్ కూడా అంతే, గోడ కేలండరు వంక చూస్తూ ఊరుకున్నాడు.

లేత ఎముక కాబట్టి వారం వారం కొంచెం కొంచెం సర్ది కట్టు కడితే పాదం దారికొస్తుందన్నారు డాక్టరుగారు. వస్తోంది కూడా. ఇవాళ కట్టిన కట్టు సరిగ్గా బిగిస్తే ఇంక ఒకటో రెండో కట్లతో సరిపోతుందనీ, తడిసి వదులైతే మాత్రం పాదం మళ్ళీ పుట్టినప్పటి దారే పడుతుందనీ, అప్పుడు కోత తప్పదనీ చెప్పారు. కోత అన్న మాట దగ్గర కనకవల్లి చెవులు మూసుకుపోయాయి. మొదట్లో ప్రసాద్ తోడు వచ్చేవాడు. వాళ్ళ అన్నయ్య కొట్లో సీజను మొదలవగానే ఆయన వద్దన్నారని మానేశాడు. ఎనిమిదో తరగతిలో బడి మానిపించిన కనకవల్లి, ఒంటరిగా గడప దాటి ఎరగనిది, అప్పట్నుంచి తనే టిక్కెట్టు కొనుక్కుని, తనే బండి మారి, తనే దారి కనుక్కుని వెళ్ళొస్తోంది.

వేమగట్టు ప్లాట్‌ఫారానికి కప్పు లేదు. ఉన్నదల్లా ఒక పెంకుటి కట్టడం. మధ్యలో స్టేషన్ మాస్టరుగారి గది, దాని ముందు సన్నటి వసారా, చివర్న ఇంకో గది. దిగినవాళ్ళంతా వసారాలో ఇరుక్కున్నారు. మగవాళ్ళు గోడవార చేరి, సైకిళ్ళు ఆనించి, చుట్టలు ముట్టించేశారు. ఆమెకి దొరికింది వసారా అంచు. వాన ఏటవాలుగా కొడుతోంది. కాస్త లోపలికి జరగనివ్వమని అడిగితే ఒకాయన బెత్తెడు జరిగి, మహోపకారం చేసినట్టు ఇంకోపక్కకి తిరిగి పొగ వదిలాడు. ఆమె వీపు వానకి అడ్డం పెట్టి పిల్లని గుండెకి అదుముకుంది. వీపు తడిసింది, జడ తడిసింది, నీళ్ళు మోచేతుల మీదుగా జారడం మొదలెట్టాయి.

చివరి గదికి తాళం. తలుపు మీద నీలం రేకు బోర్డు. దాని మీద తెల్లటి అక్షరాలు, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ: మూడో తరగతి ఆడవారి విశ్రాంతి గది.

ఆ గది గురించి అత్తగారే చెప్పేవారు, పప్పు రుబ్బుతూ. మామగారు చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు ఈ ఊరికి పట్టాలు పడ్డాయట. మొదటి ఇంజను వచ్చిన రోజు ఊళ్ళో ముత్తయిదువలంతా వెళ్ళి దాని ముట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టి వచ్చారట. వెళ్ళినవాళ్ళు మగవాళ్ళ మధ్య నిలబడలేక ఎండలో పట్టాల పక్కన తుప్పల్లో కూర్చున్నారట. అది చూసి పెద్దలు సిగ్గుపడి, మా ఆడవాళ్ళకి ఒక గది కావాలని దొరగారిని అడిగి కట్టించుకున్నారు. చుట్టూ రాతి అరుగులు, పైన దూలానికి ఉయ్యాల వేసుకోడానికి ఇనుప కొక్కెం, మూల నీళ్ళ గోలెం. పురుళ్ళకి పుట్టింటికెళ్ళేవాళ్ళు, తీర్థాలకెళ్ళేవాళ్ళు, ఆసుపత్రికెళ్ళేవాళ్ళు, అందరూ అక్కడ కూర్చున్నవాళ్ళే. ఆ గదిలో పెళ్ళిచూపులు కూడా అయ్యాయి. కనకవల్లి కూడా పెళ్ళికూతురై దిగిన రోజున మంచి ఘడియ వచ్చేదాకా ఆ అరుగు మీదే తల వంచుకుని కూర్చుంది.

తర్వాత ఒక్కొక్కటే పోవడం మొదలైంది. మంచినీళ్ళు పోసే మనిషి రిటైరైతే ఇంకొకర్ని వెయ్యలేదు. టీ కొట్టు ఎత్తేశారు, జనం తక్కువన్నారు. మద్రాసు వైపు వెళ్ళే బండి ఆగడం మానేసింది, ఊరు చిన్నదన్నారు. పోయిన ప్రతిదానికీ ఎంతో మర్యాదగా ఒక కారణం చెప్పారు, ఊరూ అంతే మర్యాదగా తల ఊపింది. రెండేళ్ళ కిందట మూడో తరగతి ఎత్తేశామని గవర్నమెంటు ప్రకటించిన రోజున మాత్రం కొందరు పాయసాలు వండుకున్నారు. టిక్కెట్టు మీద రెండో తరగతి అని పడింది. పెట్టె అదే, చెక్కబల్ల అదే, బల్ల సందుల్లో నల్లులూ అవే. ఆ తర్వాత ఎప్పుడో ఈ గదికి తాళం పడింది. ఎందుకని ఎవరూ అడగలేదు. వారం వారం ఆ తాళం ముందునుంచే నడిచి వెళ్ళిన కనకవల్లి కూడా అడగలేదు. ఇవాళ అడగాల్సి వచ్చింది.

స్టేషన్ మాస్టరు లక్ష్మీనరసింహంగారు మర్యాదస్తులని ఊరంతా పేరు. గుమ్మం దగ్గర నిలబడి ఆమె అడగ్గానే కుర్చీలోంచి లేచారు కూడా.

"ఆ గది మూడో తరగతి ఆడవారిదమ్మా," అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"నేనూ ఆడదాన్నేగా అండీ."

"మీ టిక్కెట్టు ఏ తరగతిదమ్మా?"

"రెండో తరగతిది."

"అదేనమ్మా మరి."

ఆయన అర్థమయ్యేలా విడమరిచి చెప్పారు. ప్రభుత్వం మూడో తరగతి రద్దు చేసింది కాబట్టి ఈ లైనులో మూడో తరగతి ఆడవారంటూ ఎవరూ లేరు. రెండో తరగతి ఆడవారికి ఈ స్టేషన్లో గది శాంక్షను కాలేదు. బోర్డు మార్చమని పైవాళ్ళకి రాశారు, జవాబు రాలేదు. వచ్చేదాకా ఆ గది ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని గది తెరిస్తే రేపు జవాబుదారీ ఆయనది. పోనీ మీ గదిలో ఒక మూల కూర్చుంటానంటే, అక్కడ బళ్ళకి లైను ఇచ్చే టోకెన్ల మిషను ఉంది కాబట్టి బయటివాళ్ళు రాకూడదట. ఇంత వివరంగా చెప్పి, ఏమీ అనుకోవద్దని కూడా అన్నారు.

కనకవల్లికి ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెరగలేదు, పెంచడం అలవాటు లేదు.

"మూడో తరగతి పోయింది సరేనండీ. ఆడవాళ్ళు పోలేదు కదా."

"పోతే ఆయనగోరికి సుకం. టిక్కెట్లు కొట్టే పని సగం తగ్గుద్ది," అంది వెనకనుంచి బుల్లెమ్మ. నిడదవోలులో పూలు అమ్ముకుని ఇదే బండిలో తిరిగొచ్చే మనిషి. ఖాళీ బుట్ట నెత్తిన బోర్లించుకుని, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి వానలోనే నిలబడి ఉంది. మగవాళ్ళు నవ్వారు. లక్ష్మీనరసింహంగారు కూడా నవ్వి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

కనకవల్లి చివరి గది వైపు నడిచింది. గుమ్మం పైన అడుగు వెడల్పు చూరు ఉంది, దాని కిందైనా నిలబడదామని. తలుపుకి ఆనుకోగానే సందులోంచి వాసన వచ్చింది. ఒక్క క్షణం ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. అదే వాసన వాళ్ళ పెరటి కొట్టులోనూ వస్తుంది. బెల్లం.

కిటికీకి ఒక చెక్క ఊడిపోయింది. అందులోంచి చూసింది. రాతి అరుగుల మీద తాటాకు చాపలు పరిచి, వాటి మీద బస్తాలు పేర్చి, బస్తాల మీద టార్పాలిన్ కప్పి ఉంది. పెంకుల్లోంచి కారే చోట సత్తుగిన్నె కూడా పెట్టారు. దగ్గర బస్తా మీద ఎర్ర రంగుతో అక్షరాలు: వెం.ర. వెంకటరత్నం. ఆమె బావగారు, ప్రసాద్ అన్నగారు. రాసిన చెయ్యి మాత్రం ప్రసాద్‌దే. ర తలకట్టుని తోకలా అంత పొడుగ్గా ఇంకెవరూ లాగరు.

ఆమె మళ్ళీ ఒక్కొక్కటే చూసింది. అరుగు మీద చాప, పైన టార్పాలిన్, చూరుకి గిన్నె, తలుపుకి తాళం. బెల్లానికి ఇన్ని ఏర్పాట్లు చేసినవాళ్ళు పొద్దున్న ఆమె బయల్దేరుతూంటే గొడుగైనా పట్టుకెళ్ళమని అనలేదు.

మళ్ళీ మాస్టరుగారి గుమ్మం దగ్గరికొచ్చింది. "ఎవరిదీ కాని గదిలో బెల్లం ఎవరిదండీ?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మీకు తెలియదా అమ్మా? తాళంచెవి కూడా మీ బావగారి దగ్గరే ఉంటుంది. వ్యాగను దొరికేదాకా సరుకు తడవకూడదు కదా. ఇక్కడ గోడౌను లేదు. ఊరి వ్యాపారానికి ఉపకారం కదా అని..."

"పిల్ల కూడా తడవకూడదండీ," అంది.

అంటూ తువ్వాలు కిందకి చెయ్యి పోనిచ్చింది. మడమ దగ్గర చెమ్మ తగిలింది. వేలితో నొక్కితే లోపలికి పోయింది, నానిన అట్టలా.

సరిగ్గా అప్పుడే టార్పాలిన్ కప్పిన ఎడ్లబండి వచ్చి ఆగింది. అందులోంచి వెంకటరత్నంగారు గొడుగు తెరుచుకుని దిగారు. పోర్టరు రాముణ్ణి కేకేసి చూరు ఇంకా ఎక్కడైనా కారుతోందా అని అడుగుతూ వసారా ఎక్కారు. మరదల్ని చూశారు, చూసి చప్పున మాస్టరుగారి వైపు తిరిగిపోయారు.

అది ఆ ఇంటి పద్ధతి. మరదలు బావగారి ఎదుట పడకూడదు, మాట్లాడకూడదు. ఆయన నడవలోకి వస్తే ఆమె తలుపు చాటుకి వెళ్ళాలి. చెప్పాల్సిందేమైనా ఉంటే అత్తగారితో చెప్పాలి, లేకపోతే గోడతో చెప్పినట్టు చెప్పాలి. పెళ్ళయింది మొదలు ఇవాళ్టిదాకా ఒక్క మాట ఆయనతో నేరుగా అనలేదు. అలవాటు చొప్పున ఇప్పుడూ చాటు కోసం పక్కకి చూసింది. వసారాలో చాటెక్కడుంది. గోడ వైపు మొహం తిప్పుకుంది.

"మా ప్రసాద్ భార్య దిగినట్టుంది మాస్టారూ. సరుకు సంగతి చూసుకుని బండిలో పంపించేస్తాను, కాస్త ఆగమనండి," అన్నారు బావగారు.

"ఆ గది తాళం తియ్యమనండి," అంది కనకవల్లి గోడతో.

అక్కడున్న అందరికీ వినబడింది. అయినా మాస్టరుగారు మర్యాద తప్పకుండా, "తాళం తియ్యమంటున్నారండి," అని అందించారు.

"తలుపు తీస్తే జల్లు లోపలికి కొడుతుంది, సరుకు చెమ్మెక్కుతుందని చెప్పండి."

"చెమ్మెక్కుతుందటమ్మా."

"పిల్ల కాలు చెమ్మెక్కుతోందని చెప్పండి."

మాస్టరుగారు నోరు తెరిచారు. ఈ మాట మాత్రం అందించలేకపోయారు. చుట్టలు కాల్చేవాళ్ళు కూడా పొగ వదలడం ఆపి చూస్తున్నారు. పిల్ల ఏడుపు మొదలెట్టింది. ఆ ఏడుపులో కనకవల్లికి గ్రహణం మాటా, గోడ కేలండరూ, ఎర్రక్షరాలూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆమె గోడ వదిలి ఇటు తిరిగింది.

"బావగారూ, తాళం తియ్యండి."

ఆయన నేల చూపులు చూశారు. గొడుగు చివరనుంచి నీళ్ళు ఆయన చెప్పుల మీదే కారుతున్నాయి, ఆ సంగతి కూడా తెలియలేదు.

"నలుగురిలో ఏంటండీ ఇది, మాస్టారూ," అన్నారు మెల్లిగా.

"మాస్టారిని వదిలేయండి. నేను మీతోనే చెబుతున్నాను. బెల్లం తడిస్తే పానకమవుతుంది, ఎవరో ఒకరు తాగుతారు. దీని కాలు తడిస్తే కత్తి పెడతారు. రోజూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని బంగారుతల్లి అంటారే, ఆ కాలు." అని చెయ్యి చాపింది.

ఆ చేతిలో నేరుగా పెట్టడం ఆయనకి చేతకాలేదు. జేబులోంచి తాళంచెవి తీసి పక్కనున్న పార్సిలు కాటా మీద పెట్టారు, చప్పుడు కాకుండా. ఆమె తీసుకుంది.

తలుపు తెరిస్తే లోపల కూర్చోడానికి జానెడు చోటు లేదు. బుల్లెమ్మ తొంగి చూసి బుగ్గ నొక్కుకుంది. "బెల్లం నెత్తిమీద కూకుంటారేటండి అమ్మగోరూ," అంది. కనకవల్లి పిల్లని బుల్లెమ్మ చేతికిచ్చి, కాలు పైకెత్తి పట్టుకోమని చూపించి, ముందున్న బస్తా చెవులు రెండూ పట్టుకుని లాగింది. మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ ఏమీ అడక్కుండానే వచ్చి చెరో పక్క పట్టారు. బస్తా గడప దాటి వసారాలోకి జారింది. దాని వెనక ఇంకోటి.

బావగారు, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటూ రాముడి చేత బండి మీది టార్పాలిన్ లాగించి వసారాలో బస్తాల మీద కప్పించే పనిలో పడ్డారు. చుట్టలు కాల్చేవాళ్ళంతా బస్తాలకి చోటిచ్చి గోడ వదిలి వానలోకి దిగారు. చంటిపిల్లకి బెత్తెడు జరగడానికి కష్టపడ్డ పెద్దమనిషి బెల్లం కోసం మెట్టు కూడా దిగి నిలబడ్డాడు. కనకవల్లి అది చూసింది. ఇంకో బస్తా కాస్త గట్టిగానే గెంటింది. అది దొర్లి టార్పాలిన్ అవతల పడింది. పడనిమ్మనుకుంది.

ఒక అరుగు ఖాళీ అయింది. అక్కడ గోడకి చేరబడి కూర్చుని పిల్లని ఒళ్ళో వేసుకుంది. తడిసిన తువ్వాలు విప్పేసింది. మడమ దగ్గర కట్టు మెత్తబడింది గాని ఊడలేదు. డాక్టరుగారు కట్టు కట్టాక పాదాన్ని ఎలా పట్టుకుని కూర్చున్నారో ఆమెకి కళ్ళకి కట్టినట్టుంది. ఒక అరచెయ్యి మడమ కింద, ఇంకో అరచెయ్యి పాదం పక్కన, బయటివైపుకి కొద్దిగా ఒత్తి. అలాగే పట్టుకుంది. పిల్ల గింజుకుంది, ఆమె వదల్లేదు. చేతులు తియ్యలేక, తన రొమ్ము పిల్లకి అందించమని బుల్లెమ్మతో చెప్పింది. బుల్లెమ్మ పిల్ల తల ఎత్తి పాలకి చేర్చి, తన పొడి తలగుడ్డతో ఆ కాలికి విసరడం మొదలెట్టింది.

"మా కాలంలో ఈ మూల గోలెంలో నీళ్ళుండేయండి. ఇప్పుడు సూడండి, ఎలకలకి బెల్లం," అంది విసురుతూ. మిగతా ఇద్దరూ నవ్వారు. కనకవల్లికి నవ్వు రాలేదు. ఇంటికి వెళ్ళాక జరగబోయేది కళ్ళముందు ఆడుతోంది. అత్తగారు అన్నం వడ్డించి మాట్లాడడం మానేస్తారు. ప్రసాద్ తల వంచుకుని, అన్నయ్యతో అలా అనకుండా ఉండాల్సింది అంటాడు. ఆ ర తోక గురించి అప్పుడు అడగాలి. ఎప్పటినుంచి రాస్తున్నావు, నేను ఈ స్టేషన్లో దిగుతానని తెలిసే రాశావా అని అడగాలి. తలుచుకుంటేనే దడగా ఉంది. దడతోనే అడగాలి.

లక్ష్మీనరసింహంగారు గుమ్మం దాకా వచ్చి ఆగారు. గదిని అనుమతి లేకుండా తెరిచారు కాబట్టి ఏమని చెప్పుకోవాలో తనకి తెలియడం లేదన్నారు. జల్లు ఆయన భుజం మీద పడుతోంది. లోపలికి వచ్చి చెప్పండని బుల్లెమ్మ అంటే, ఆడవారి గది కదా, రాకూడదమ్మా అన్నారు. ఆ మాట అన్నాక ఆయనకే ఏదో తోచినట్టుంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

వాన సన్నబడింది. వసారాలో జనం సైకిళ్ళు తీసుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. బావగారు గుమ్మానికి ఓరగా నిలబడ్డారు. మాస్టరుగారు లేరు, రాముడు బండి దగ్గరికి వెళ్ళాడు. అటూ ఇటూ చూశారు. మధ్యన పెట్టుకోడానికి మనిషి లేడు. గొంతు సవరించుకున్నారు.

"వాన తగ్గిందమ్మా," అన్నారు చివరికి, గడపని చూస్తూ. "బండి సిద్ధంగా ఉంది. వెళ్దామా."

ఆమె చేతులు కదల్చలేదు. మడమ దగ్గర కట్టు గట్టిపడుతోందో, తన అరచేతులే మొద్దుబారిపోయాయో తెలియడం లేదు. వేలితో నొక్కి చూడాలంటే చెయ్యి తియ్యాలి. తియ్యదలుచుకోలేదు.

"ఇంకా ఆరలేదండి," అంది. "ఆరాక చెబుతాను. బయట కూర్చోండి."

ఆయన వసారాలోకి వెళ్ళి, టార్పాలిన్ అంచు కాస్త ఎత్తి, తన బస్తా మీదే కూర్చున్నారు.